ఏదైనా పర్లేదన్న మనిషి

కొలెట్ మిషో మా పక్కింటావిడ. ఈ సంగతి ఆమె చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చెప్పిన రోజున మా వంటింటి బల్ల దగ్గర కూచుని, ముందున్న కాఫీ ముట్టుకోకుండా, కిటికీలోంచి నది వైపు చూస్తూ చెప్పింది.

మా ఉత్తరాది లోయలోని సాంట్ ఒదీల్ అనే ఊళ్లో ఆమె మేనమామ అర్మాన్ వయలెట్‌కి ఒక కొట్టుంది. ముందు భాగంలో మేకులు, రంగు డబ్బాలు, మంచుబూట్లు. వెనక గాజు బీరువాలో తుపాకులు. పెళ్లయిన కొత్తలో సాయానికని వెళ్లిన కొలెట్, జుట్టు నెరిసినా ఆ వెనక బల్ల దగ్గరే ఉంది.

మా లోయలో రెండు పిస్తోళ్ల గురించి జరిగినంత వాదన ఎన్నికల గురించి కూడా జరగదు. ఒకటి గ్లాక్, ఇంకోటి స్మిత్ అండ్ వెస్సన్. గ్లాక్ వాళ్లది ఒకటే మాట. ఏ మీటా నొక్కక్కర్లేదు, తీశామా పేల్చామా, బురదలో పడేసి తీసినా పనిచేస్తుంది. దాన్ని చూస్తే ఇటుకకి పిడి పెట్టినట్టుంటుందంటారు స్మిత్ వాళ్లు. తమది చేతిలో అమిరి కూచుంటుందని, కావాలంటే బొటనవేలి దగ్గర సేఫ్టీ మీట ఉన్నది కూడా దొరుకుతుందని వాదిస్తారు. అర్మాన్ స్మిత్ మనిషి. కొలెట్ మొగుడు రెజాన్ గ్లాక్ మనిషి. క్రిస్మస్ విందులో వాళ్లిద్దరినీ పక్కపక్కన కూచోబెట్టరు. కొనడానికి వచ్చినవాళ్లు కూడా పెళ్లిచూపులకొచ్చినంత హడావిడి చేస్తారు. ఇది పట్టి చూస్తారు, అది పట్టి చూస్తారు, ఇంటికెళ్లి బావమరిదిని వెంటేసుకుని మళ్లీ వస్తారు, అతనితో అక్కడే పోట్లాడతారు. అంతా అయ్యాకే కొంటారు.

ఆ జనవరి మధ్యాహ్నం అర్మాన్ భోజనానికి వెళ్లాడు. కొట్లో కొలెట్ ఒక్కతే ఉంది. తలుపు గంట మోగి, నలభై దాటిన మనిషొకడు లోపలికొచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు, గడ్డం మాసి ఉంది. భుజాన చెరువు మంచుకి చిల్లు పొడిచే బరమా వేసుకున్నాడు. దాన్ని తెచ్చి బల్లకి జాగ్రత్తగా ఆనించాడు.

"ఇది ఎవరికైనా ఇచ్చెయ్యండి మేడమ్" అన్నాడు.

"పాత సామాన్లు మేం కొనమండీ."

"అమ్మడానికి కాదు. ఊరికే ఇవ్వండి. మొన్ననే పదును పెట్టించాను."

కొలెట్‌కి వింతగా అనిపించింది. చెరువులు అప్పుడప్పుడే గట్టిగా గడ్డకట్టాయి. ఊళ్లో మగవాళ్లంతా చిన్న గుడిసెలు లాక్కెళ్లి మంచు మీద పెట్టుకుని, చిల్లులు పొడిచి చేపలకి గాలాలు వేస్తున్న రోజులు. జనవరిలో బరమా ఇచ్చేసుకునేవాణ్ణి ఆమె అంతవరకు చూడలేదు.

"కొత్తది కొన్నారా?"

"లేదు." అతను బీరువా వైపు చూశాడు. "ఒక పిస్తోలు కావాలి."

"ఏది చూపించమంటారు?"

"మామూలుగా అందరూ ఏది కొంటారు?"

"కొందరు గ్లాక్ కొంటారు, కొందరు స్మిత్."

"ఏదైనా పర్లేదు" అన్నాడు.

కొలెట్ రెండూ బయటికి తీసింది. ఖాళీవేనని చూసుకుని, పైనుండే స్లైడ్లు వెనక్కి లాగి అలాగే ఆపి, ఆకుపచ్చ గుడ్డ మీద పక్కపక్కన పెట్టింది. అతను తనకి దగ్గరగా ఉన్న గ్లాక్‌ని తీసుకున్నాడు. ఎదురుగా పట్టి గురి చూడలేదు, బరువు కూడా చూడలేదు. ఎవరో దాచమని ఇచ్చిన వస్తువులా కాసేపు పట్టుకుని కింద పెట్టేశాడు.

"ఇది చాలు."

"రెండోది ముట్టుకోనే లేదు మీరు."

"అది ఇంకా మంచిదా?"

"మంచీ చెడ్డా అని కాదండీ. మీ చేతికేది కుదిరితే అది. ఇంతకీ దేనికి, సరదాకి కాల్చుకోడానికా?"

"ఇంటికి."

"దొంగల భయమా?"

"ఆఁ, దొంగలు" అన్నాడు. పక్కవాడు అందిచ్చిన మాటని పలికినట్టుంది.

"ఇంట్లో పిల్లలుంటే సేఫ్టీ మీట ఉన్న స్మిత్ చూడండి."

"ఇంట్లో ఎవరూ లేరు."

"ఇదివరకెప్పుడైనా కాల్చారా?"

"మా నాన్న రైఫిలుతో. దుప్పుల వేటకి."

"అదుందిగా మరి ఇంట్లో?"

"తమ్ముడికి ఇచ్చేశాను. ఆదివారం." మళ్లీ బీరువా కేసి చూసి, "తూటాలు చిన్న పెట్టె ఉంటుందా? అన్నిటికన్నా చిన్నది" అని అడిగాడు.

అప్పుడు పట్టుకుంది కొలెట్‌ని భయం. చన్నీళ్లలో దిగినట్టు పాదాల నుంచి పైకి పాకింది అని చెప్పింది నాతో. బరమా ఇచ్చేశాడు, రైఫిలు ఇచ్చేశాడు. రెండింట్లో ఏదైనా పర్లేదంటున్నాడు. ఈ లోయలో ఆ మాట అనేవాడు ఉండడు. పిస్తోలు అవసరమైనవాడికి ఏదో ఒకటి నచ్చి తీరుతుంది. ఏదైనా పర్లేదంటే దాంతో ఎక్కువకాలం పనిలేదన్నమాట.

పోయిన శరదృతువులో తుపాకుల కొట్లవాళ్ల సమావేశానికి ఒకావిడ వచ్చి ఆత్మహత్యల గురించి మాట్లాడింది. అనుమానం వస్తే అమ్మకండి, మాట్లాడుతూ ఉండండి, సూటిగా అడగండి, అడిగినంతమాత్రాన లేని ఆలోచన పుట్టదు అని చెప్పింది. అందరూ బూట్ల వైపు చూస్తూ విన్నారు. ఆవిడ పంచిన కాగితాన్ని అర్మాన్ మడిచి, ఊగుతున్న బల్ల కోడు కింద పెట్టాడు.

అడగాలి. కానీ ఒకవేళ తప్పయితే? ముక్కూ మొహం తెలియని మనిషిని పట్టుకుని నువ్వు చావబోతున్నావా అని ఎలా అడగడం? నిజమైతే? అడగ్గానే లేచిపోయి ఇంకో ఊళ్లో కొనుక్కుంటే? తెలిసిన పని ఒక్కటే కనబడింది. ఈ మనిషి చేత ఎంపిక చేయించడం. వీలైనంత ఆలస్యంగా.

"అలా కాదండీ. పిడి సరిగా లేకపోతే తర్వాత తిట్టుకుంటారు" అంది. స్మిత్ పిడికి వెనక తొడిగే రేకులు చిన్నది, మధ్యది, పెద్దది మూడూ తీసింది. ఒక్కొక్కటే తొడిగి పట్టుకోమంది. వేలు ట్రిగ్గర్ దాకా ఎంత అందుతోందో వంగి చూసింది. ఇంకో రేకు ఎక్కడో పడిపోయిందని, తన జేబులోనే ఉన్నదాని కోసం అరలన్నీ వెతికింది. మళ్లీ గ్లాక్ పట్టుకోమంది. పొడి మంచులో ఏది ఎలా పట్టు ఇస్తుందో, చేతిజోళ్లతో మీట నొక్కడం ఎంత కష్టమో, శుభ్రం చేయడానికి ఏ నూనె మంచిదో, రెజాన్ ఏమంటాడో, మామయ్య ఏమంటాడో అన్నీ చెప్పింది. రెజాన్‌తో పెళ్లయ్యాక అతనితో కూడా అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడలేదట.

అతను మొదట ఓపిగ్గానే విన్నాడు. చెప్పిందల్లా చేశాడు. శుభ్రం చేసే నూనె సంగతి వచ్చేసరికి కళ్లు మూసుకున్నాడు.

"మేడమ్, ఇంకా ఎంతసేపు?"

"తొందరేముందండీ. ఇక్కడ జనం రెండు రోజులు తిరిగి మరీ కొంటారు."

"నాకు రెండు రోజులు లేవు" అన్నాడు. వెంటనే చూపు తిప్పుకుని, "పనుంది" అని కలిపాడు.

సరిగ్గా అప్పుడు అర్మాన్ కాళ్లకంటిన మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. బల్ల మీద రెండు పిస్తోళ్లూ చూడగానే మొహం వెలిగింది.

"స్మిత్ తీసుకో నాయనా! ఆ ఇటుకతో గోడ కట్టుకోవాలి అంతే!"

కొలెట్ మామయ్య పక్కకి జరిగింది. కొనేవాడికి అర్థం కాదనుకుని, కొట్లో మాట్లాడే ఇంగ్లీషు వదిలి, ఇళ్లల్లో మేం మాట్లాడుకునే ఫ్రెంచిలో మెల్లగా అంది. "మామయ్యా, ఇతనికి అమ్మొద్దు."

అర్మాన్‌కి చెవుడు. "ఏంటీ?"

"అమ్మొద్దంటున్నా."

"గట్టిగా చెప్పవే! గొణిగితే నాకేం తెలుస్తుంది?"

"చచ్చిపోవడానికి కొంటున్నాడు మామయ్యా! నాకు భయంగా ఉంది!"

మూలనున్న, చేపల ఎరలుంచే ఫ్రిజ్ చప్పుడు మాత్రం వినబడింది. ఆ మనిషి పిస్తోళ్ల కేసి చూస్తూనే, అదే ఫ్రెంచిలో, మా లోయ యాసలోనే అన్నాడు.

"మా అమ్మది ఈ లోయే, మేడమ్."

అర్మాన్ మా ఊళ్లో ఎవరైనా అడిగేదే అడిగాడు. అలవాటు.

"మీ అమ్మ ఎవరి కూతురు?"

"బెర్నడెట్ సిర్. వంతెన దగ్గర సిర్‌ల కుటుంబం."

"పాల బండి లేయో కూతురా?"

"మనవరాలు."

"మరి నువ్వు?"

"లైల్ బ్రాగ్డన్."

ఆ పేరు అందరూ విన్నదే. నూతన సంవత్సరం రోజు తుఫానులో, దక్షిణాన రోడ్ల మీద మంచు నెట్టే లారీ నడుపుతున్నాడు లైల్. మేం తెల్ల చీకటి అంటాం, చెయ్యి చాస్తే చెయ్యి కనబడని మంచు. ఎమెరీ గానియన్ అనే ముసలాయన కారాపి, అద్దం తుడుచుకోడానికి దిగాడు. లారీ ముందు మంచు నెట్టే నాగలిరేకు ఆయన్ని కొట్టేసింది. లైల్ తప్పేమీ లేదని పోలీసులు తేల్చారు. పేపర్లో రాశారు, రేడియోలో చెప్పారు. ఎమెరీ భార్య కూడా అదే చెప్పింది.

అర్మాన్ రెండు అరచేతులూ రెండు పిస్తోళ్ల మీద పెట్టి తనవైపు లాక్కున్నాడు.

"ఇవ్వను."

"మీరివ్వకపోతే ఇంకోళ్లిస్తారు. వాళ్లు ఇన్ని మాటలు చెప్పరు" అని లైల్ బయటికి నడిచాడు. తలుపు గంట మోగింది.

"నా నోరే పాడైపోను, నేనే తరిమేశాను మామయ్యా" అంది కొలెట్. అర్మాన్ ఫోను దగ్గరికి పరిగెత్తాడు. ఆమె కోటు కూడా తీసుకోకుండా బయటికి పరిగెత్తింది.

బూడిదరంగు ట్రక్కు ఇంజన్ ఆన్ చేసి ఉంది. అతను స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. కొలెట్ అద్దం మీద కొట్టింది. అతను తిరగలేదు. సీటు మీద ఏముందో, సీటు కింద ఏముందో తెలియదు. ఒళ్లో ఇంకేదైనా పెట్టుకున్నాడేమో కూడా తెలియదు. ఎక్కితే తనని కూడా తీసుకుపోతాడేమో. ఇవన్నీ ఒక్క క్షణంలో ఆలోచించిందట. అయినా అవతలి తలుపు తీసి ఎక్కి కూచుంది. చలికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

అతను చెయ్యి చాచి హీటర్ పెంచాడు. దాంతో ఆమెకి కాస్త ధైర్యమొచ్చింది. మా ఫ్రెంచిలోనే, మీరు అనడం మానేసి, సొంత మేనల్లుణ్ణి అడిగినట్టు అడిగింది.

"లైల్, చచ్చిపోవాలనుకుంటున్నావా?"

అతని దవడ కదిలింది. "ఊఁ."

"ఇవాళా?"

"ఊఁ."

ఆ ఊఁ వినగానే ఏడుపొచ్చింది కొలెట్‌కి. కానీ ఏడవలేదు. అతను ఇంకా ఏదో చెప్పబోతున్నాడు.

"ఎవరూ అడగలేదు ఇది. నీ తప్పు కాదు, నీ తప్పు కాదు అంటారు అందరూ. ఆయన భార్య కేకు పంపించింది, తెలుసా? కేకు! నా తప్పు కాదని నాకూ తెలుసు. తెలిస్తే ఏంటి? పెద్ద కుదుపు కూడా తెలీలేదు నాకు. మంచుగడ్డ తగిలిందనుకున్నాను. ముందుకెళ్లిపోయాను. కళ్లు మూస్తే చాలు, మళ్లీ ఆ రోడ్డు మీదే ఉంటాను."

కొలెట్ దేవుడున్నాడని అనబోయి ఆగిపోయింది. "నిద్రపోయి ఎన్నాళ్లయింది?" అని మాత్రం అడిగింది. అతను లెక్క లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఆసుపత్రికి పోదాం. ఇప్పుడే. నేనూ వస్తా."

"వెళ్తే ఏం చేస్తారు?"

"నాకు తెలీదు. ఇవాళ మాత్రం నిన్ను ఒక్కణ్ణీ వదలరు."

అర్మాన్ కోటు పట్టుకుని వచ్చి అద్దం మీద కొట్టాడు. కొలెట్ అద్దం దించింది. "చుట్టుపక్కల కొట్లన్నిటికీ ఫోన్ చేశాను" అన్నాడు లైల్ వినేలాగే. "బూడిదరంగు ట్రక్కులో వస్తాడు, అమ్మొద్దని చెప్పాను. హెర్వేకి కూడా చేశాను."

చేపల పందెంలో తక్కెడ సరిగా లేదని గొడవపడి, అర్మాన్ పక్క ఊళ్లో తుపాకుల కొట్టున్న హెర్వేతో మాట్లాడక ఏళ్లయింది. "హెర్వేకా? ఏమన్నాడు?" అంది కొలెట్.

"నా గొంతు వినగానే పెట్టేశాడు. మళ్లీ చేశాను. మళ్లీ పెట్టేశాడు. మూడోసారి నేనే తిట్టి చెప్పాను. సరే అన్నాడు."

లైల్ నోటినుంచి చిన్న శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో తెలియలేదు. "పదండి" అన్నాడు. "కానీ నేనే నడుపుతాను. నా బండి."

అర్మాన్ కళ్లతోనే వద్దన్నాడు. కొలెట్‌కి కూడా అది తెలివైన పని కాదని తెలుసు. కానీ స్టీరింగ్ మీద అతని వేళ్లు తెల్లబడి ఉన్నాయి. అతన్ని దిగమంటే తననే దింపేసి పోతాడు, తను దిగితే ఒక్కడే పోతాడు. "మామయ్యా, నువ్వు వెనకాల రా" అని కోటు తొడుక్కుని బెల్టు పెట్టుకుంది.

ఆసుపత్రి దారి నది వెంబడే పోతుంది. కొన్నిచోట్ల రోడ్డుకీ నదికీ మధ్య ఏ అడ్డూ ఉండదు. కింద నల్లటి నీళ్లు, అంచుల్లో మంచుగడ్డలు. లైల్ మొదట నెమ్మదిగానే నడిపాడు. ఆలుగడ్డల గిడ్డంగులు దాటాక వేగం పెరిగింది. కొలెట్ ఒక చేత్తో తలుపు పిడి పట్టుకుని, నోటికొచ్చింది మాట్లాడింది. బెర్నడెట్ ఎక్కడుంటుంది? పోయింది. ప్లోయ్ అట్లు బాగా వేసేదా? వేసేది, మందంగా. మీ తమ్ముడి పేరేంటి? డెనిస్. ఒక్కో జవాబుకీ మధ్య బండి ఇంకాస్త జోరందుకుంటున్నట్టు ఆమెకి అనిపించింది. నిజంగానే జోరందుకుందో, తన భయమో ఇప్పటికీ చెప్పలేనంటుంది.

వంపు తిరగ్గానే ఎదురుగా ఆకాశం రోడ్డు మీదికి దిగింది. మంచుతెర. అద్దం ముందు అంతా తెలుపు. పొలమూ లేదు, నదీ లేదు, బండి ముక్కు కూడా లేదు. లైల్ బ్రేకు తొక్కాడు. బండి కాస్త జారి, ఎక్కడో ఒకచోట నిలబడింది. రోడ్డు పక్కనో, రోడ్డు మధ్యలోనో తెలియదు. దూరాన తెలుపులో పసుపు దీపం వెలిగి ఆరింది. మళ్లీ వెలిగింది. ఎదురుగా మంచు నెట్టే లారీ వస్తోంది.

లైల్‌కి స్టీరింగ్ మీద చేతులు బిగుసుకుపోయాయి.

"ఇక్కడ ఆగకూడదు లైల్. వెనకనుంచి ఎవరైనా గుద్దేస్తారు."

"చేతులు రావట్లేదు."

"నెమ్మదిగా పక్కకి తియ్యి."

"రావట్లేదంటున్నా! నా చేతులు రావట్లేదు!"

"సరే, సరే, నేను నడుపుతా. దిగి అటువైపు వస్తా" అని ఆమె బెల్టు విప్పి తలుపు తీసింది. మంచు లోపలికి దూసుకొచ్చింది. ఒక కాలు బయటపెట్టింది.

"దిగకు!"

అలాంటి కేక ఆమె జీవితంలో వినలేదట. అతని చెయ్యి ఎలా వచ్చిందో వచ్చింది. ఆమె కోటు కాలరు పట్టి వెనక్కి ఒక్క గుంజు గుంజాడు. ఆమె అతని భుజం మీద పడింది. తలుపు దానంతటదే గాలికి మూసుకుంది.

"దిగకు, దిగకు, దిగకు. నువ్వు కనబడవు వాడికి. ఎవరూ కనబడరు. దిగకు."

"దిగను. దిగను లైల్."

"లోపలినుంచే రా. నా మీదినుంచి రా."

అరవై దగ్గరపడ్డ కొలెట్, మోకాళ్ల నొప్పుల మనిషి, ఆ ఇరుకులో అతని మీదినుంచి పాకింది. ఆమె మోచెయ్యి అతని ముక్కుకి తగిలింది. అతని బూటు గేరు కర్రలో ఇరుక్కుంది. ఎలాగో అతను ఇటు పడ్డాడు, ఆమె అటు పడింది. అంతలో పసుపు దీపం పెద్దదై అద్దమంతా నిండింది. లారీ పక్కనుంచే పోయింది. ట్రక్కంతా అదిరింది. నాగలిరేకు గీసుకుంటూ పోయే చప్పుడు ఎముకల్లోకి దిగింది. లైల్ రెండు చేతులతో ఆమె కోటు పట్టుకునే ఉన్నాడు.

చప్పుడు పోయాక ఆమె గేరు వేసింది. ఏమీ కనబడలేదు.

"ఎటు పోవాలి? నాకేం కనబడట్లేదు."

అతను బొంగురుగా చెప్పాడు. "కుడివైపు చూడు, దూరంగా కాదు. దగ్గర్లో. రోడ్డంచున పాతిన కర్ర కనబడుతోందా, పైన ఎర్ర ముక్క?"

"ఆఁ."

"దాన్ని వదలకు. దాని వెంబడే పో. ఇంకో కర్ర వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కకు, ఊరికే పోనీ."

"వచ్చింది."

"ఇప్పుడు ఎడమకి వంపు. కనబడదు, నేను చెప్తాగా. ఇప్పుడు. నెమ్మది... నెమ్మది. ఇక్కడ నది వైపు వాలుంటుంది. బ్రేకు ముట్టుకోకు. అంతే. బాగా చేస్తున్నావు."

ఇరవై చలికాలాలు రోడ్ల మీద గడిపినవాడు, కళ్లు సగం మూసుకుని, కర్ర తర్వాత కర్ర చెప్పుకుంటూ పోయాడు. అతని గొంతు వణుకుతూనే ఉంది. కానీ ఆగలేదు. ఆమె ప్రాణమంతా ఆ గొంతులోనే ఉంది. ఊరి దీపాలు కనబడేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి.

ఆసుపత్రి గుమ్మం దగ్గర నర్సు ఏమైందని అడిగింది. కొలెట్ నోరు తెరిచేలోపు లైలే చెప్పాడు. "నన్ను ఇంటికి పంపకండి. ఒక్కణ్ణీ ఉంటే బతికుండనేమో అనిపిస్తోంది." నర్సు అతని మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. అతను వెనక్కి తిరిగి చూడలేదు. కొలెట్ వసారాలో కూచుని అర్మాన్ కోసం చూసింది.

చాలాసేపటికి అర్మాన్ వచ్చాడు. అతని కారు గోతిలోకి జారిందట. అటు తిరిగొచ్చిన ఆ మంచు లారీవాడే ఎక్కించుకుని తెచ్చాడు. ఆ డ్రైవరు, మొరీస్ అనే లావుపాటి మనిషి, టోపీ చేత్తో పట్టుకుని వసారాలో నిలబడ్డాడు. మంచు బండ్లవాళ్లు ఒకళ్లనొకళ్లు ఎరుగుదురు.

"లైలేనా లోపలున్నది?" అన్నాడు. "మేమంతా ఫోన్లు చేస్తూనే ఉన్నాం. తీస్తేగా వెధవ." అని కుర్చీలో కూలబడి, వాళ్లు లోపలికి రానిస్తారో లేదో కూడా అడక్కుండా అక్కడే కూచున్నాడు.

తర్వాత ఏమైందో కొలెట్‌కి ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రివాళ్లు చెప్పకూడదు. తను బంధువు కాదు. వారం వారం వచ్చే మా పత్రికలో చావుల పేజీ ఆమె ఒక కన్ను మూసుకుని చూసేది. బ్రాగ్డన్ అన్న పేరు లేకపోతే అప్పుడు రెండో కన్ను తెరిచేది. కొట్లో ఒకసారి పాపం పెళ్లిరోజని తొందరపడుతున్న కుర్రాణ్ణి అనవసరంగా పరీక్ష పెట్టి ఏడిపించింది. అర్మాన్ బల్ల కోడు కింద కాగితం తీసి, సాపు చేసి, ఫోను పక్కన గోడకి అంటించాడు. బల్ల మళ్లీ ఊగడం మొదలుపెట్టింది.

నదిలో మంచు పగిలి కొట్టుకుపోయే రోజుల్లో ఒకతను కొట్లోకి వచ్చాడు. లైల్ పోలికే, కాస్త పొట్టి.

"కొలెట్ మిషో మీరేనా? నేను డెనిస్."

ఆమె కుర్చీ కోసం వెనక్కి తడుముకుంది. డెనిస్ కంగారుగా చేతులూపాడు.

"లేదు లేదు, ఉన్నాడు! ఉన్నాడు. మా ఇంట్లోనే ఉన్నాడు. పైగదిలో."

"ఎలా ఉన్నాడు?"

"బాగున్నాడని చెప్పలేను. మందులు వేసుకుంటాడు, డాక్టరమ్మ దగ్గరికి వెళ్తాడు. బండి నడపనన్నాడు, కలప మిల్లులో చేరాడు. పోయిన నెల మళ్లీ బాగా చెడ్డ రోజులొచ్చాయి. మళ్లీ ఆసుపత్రిలో పెట్టాం. ఇప్పుడు పర్లేదు. మా నాన్న రైఫిలు మా అత్తగారింట్లో పెట్టాను, తాళం ఆవిడ దగ్గరుంది. మా అత్త దగ్గర్నుంచి దేవుడు కూడా తీసుకోలేడు."

కొలెట్ నవ్వబోయింది, రాలేదు. "నేను వస్తే మాట్లాడతాడా?"

డెనిస్ టోపీ అంచు నలిపాడు. "అదే చెబుదామని వచ్చానండీ. వద్దు, ఇప్పుడే వద్దు. కొన్ని రోజులు మీమీద బాగా కోపంగా ఉంటాడు. నన్నెందుకు ఆపారంటాడు."

"మిగతా రోజులు?"

"మిగతా రోజులు తింటాడు, పనికెళ్తాడు. నిన్న నా కూతురికి సైకిలు నేర్పించాడు." టోపీ పెట్టుకుంటూ, "ఆ రోజులు కొంచెం ఎక్కువవుతున్నాయి" అన్నాడు.

అతను వెళ్లాక కొలెట్ కొట్టు గుమ్మంలో నిలబడి, వంతెన కింద మంచుగడ్డలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోవడం చూసింది. భయం పోలేదని, పోతుందని కూడా అనుకోవట్లేదని నాతో చెప్పింది. కాఫీ మళ్లీ వేడిచేసి ఇచ్చాను. తాగింది.